పాతబస్తీ పలుకు: నాలుగు శతాబ్దాల ధ్వని చరిత్ర

మానవ భాషలోని ధ్వనులు ఎక్కడ పుడతాయి, ఎలా పుడతాయి, గాలిలో ఎలా ప్రయాణిస్తాయి, చెవి వాటిని ఎలా వేరు చేసుకుంటుంది అన్న విషయాలను పరిశీలించే శాస్త్రాన్ని ధ్వనిశాస్త్రం అంటారు. ఊపిరితిత్తుల నుంచి బయలుదేరిన గాలికి గొంతు మొదలు పెదవుల దాకా ఏదో ఒక చోట అడ్డు ఏర్పడినప్పుడు హల్లు పుడుతుందనీ, ఆ అడ్డు ఏర్పడే చోటును స్థానమనీ, అక్కడికి కదిలి చేరే నాలుక వంటి అవయవాన్ని కరణమనీ అంటారనీ ఈ శాస్త్రం మొదటి పాఠంగా చెబుతుంది. గాలి పూర్తిగా ఆగి ఒక్కసారిగా విడుదలైతే ఆ ధ్వని స్పర్శం. సన్నని సందులోంచి ఒరుసుకుంటూ పోతే ఊష్మం. ముందు ఆగి, ఆ తరువాత ఒరుసుకుంటూ విడుదలైతే స్పర్శోష్మం. ఈ కొద్దిపాటి పరిభాష తెలిసిన పాఠకునికి హైదరాబాదు పాతబస్తీ చరిత్రలో కొంత భాగం ఫర్మానాలలో, కట్టడాలలో కనిపించినట్లే అక్కడి జనం పలుకులో కూడా కనిపిస్తుంది.

కోట నుంచి బస్తీకి

చార్మినార్ నిర్మాణం జరిగిన 1591 నాటికే గోల్కొండ రాజ్యంలో కనీసం నాలుగు భాషల ధ్వనులు పక్కపక్కనే వినిపించేవి. జనసామాన్యం భాష తెలుగు. కొలువు భాష పారసీ. మతవిద్యకు మూలమైనది అరబ్బీ. 14వ శతాబ్దంలో తుగ్లక్ సేనలతో, ఉద్యోగులతో, సూఫీలతో దౌలతాబాదుకు వచ్చి, 1347లో ఏర్పడిన బహమనీ రాజ్యంలో స్థిరపడి, కుతుబ్‌షాహీల కాలానికి సాహిత్య భాషగా ఎదిగినది దక్కనీ. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా (పాలన 1580–1612) స్వయంగా దక్కనీ కవి. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించినవాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

ఈ సహవాసం ధ్వనుల మీద ఎలా పనిచేసిందో చెప్పడానికి ఆ రాజు పేరే తొలి సాక్ష్యం. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడు అన్నారు. మలిక్ ఇబ్రాహీం అన్న రెండు మాటలు ఒకటైనప్పుడు మొదటి మాటలోని చివరి అచ్చు లోపించింది. బకార రేఫల సంయుక్తం విడిపోయి మధ్యలో అకారం వచ్చింది. తరువాతి అక్షరంలో ఉన్న హకారం ముందుకు జరిగి బకారంతో కలిసి భకారమయింది. ఈ మూడు మార్పులూ తెలుగువాడి నాలుకకు సహజమైనవే కాబట్టి ఒక పరదేశి నామం పద్యపాదంలో ఇమిడిపోయింది. అందులో రామశబ్దం ధ్వనించడం కవులకు అదనపు లాభం.

దక్కనీ వైపు కూడా ఇటువంటి సర్దుబాట్లే జరిగాయి. 1635లో గోల్కొండలో వజహీ రాసిన సబ్‌రస్ వచనంలోనూ, అప్పటి కవుల రాతప్రతుల్లోనూ అరబ్బీ, పారసీ మాటలను మూలంలోని వర్ణక్రమంతో కాక నోటికి వచ్చినట్లే రాసిన సందర్భాలు కనబడతాయి. నాలుక కొన వెనక్కి మడిచి పలికే ట, డ వంటి మూర్ధన్యాలకు అరబ్బీ లిపిలో అక్షరాలు లేవు కాబట్టి లేఖకులు త, ద అక్షరాలకు అదనపు చుక్కలు పెట్టి పని జరుపుకున్నారు. ఈ రాతప్రతులు భాషా చరిత్రకారునికి సాహిత్య గ్రంథాలు మాత్రమే కావు. ధ్వనిముద్రణ యంత్రం లేని కాలపు ఉచ్చారణకు దొరికే నమ్మకమైన ఆధారాలు కూడా.

ఖాఫ్ సంగతి

పాతబస్తీ ఉర్దూను వినగానే గుర్తు పట్టించే ధ్వని ఒకటి ఉంది. అరబ్బీ లిపిలో కకారానికి రెండు అక్షరాలున్నాయి. ఒకటి కాఫ్, అది తెలుగు కకారం వంటిదే, నాలుక వెనుక భాగం మెత్తని అంగిలిని తాకితే పుడుతుంది. రెండవది రెండు చుక్కల ఖాఫ్. దానికి నాలుక మొదలు ఇంకా వెనక్కి జరిగి కొండనాలుక దగ్గర గాలిని పూర్తిగా ఆపాలి. అంటే అది కొండనాలుక స్థానంలో పుట్టే స్పర్శం. దక్కనీలో ఆ ఆపడం సంపూర్ణం కాదు. నాలుక దగ్గరగా వెళ్తుంది కానీ పూర్తిగా మూయదు, గాలి ఒరుసుకుంటూ బయటికి వస్తుంది. స్పర్శం ఊష్మంగా మారుతుంది. అందుకే లక్నో వాడి కలం హైదరాబాదీ నోట ఖలం, అతని కిస్మత్ ఇక్కడ ఖిస్మత్. ఆ అక్షరం పేరే ఈ నగరంలో ఖాఫ్‌గా వినబడుతుంది.

దీనిని తెలుగు ప్రభావంగా కొట్టిపారేయడం తేలిక, కానీ అది నిలవదు. తెలుగులో కొండనాలుక స్పర్శమూ లేదు, ఆ చోట పుట్టే ఊష్మమూ లేదు. తెలుగు నాలుకే కారణమైతే ఆ ధ్వని నేరుగా కకారమై ఉండేది. రాని ధ్వని స్థానంలో పరిచయం లేని మరో ధ్వనిని ఏ భాషా తెచ్చుకోదు. కాబట్టి ఈ మార్పు దక్కనీ తనలో తాను చేసుకున్నదనీ, పక్క భాష నుంచి అరువు తెచ్చుకున్నది కాదనీ అనుకోవలసి ఉంటుంది.

మరికొన్ని మార్పుల్లో మాత్రం పరిసర భాషల జాడ స్పష్టం. ఒత్తి పలికే మహాప్రాణాలు దక్కనీలో మాట మధ్యలోనూ చివరలోనూ తేలికపడతాయి: హాథ్ హాత్ అవుతుంది, ముఝే ముజే అవుతుంది; భీ అన్న చిన్న మాటలోనైతే మొదటి అక్షరమే తేలికపడి బీ అవుతుంది. అచ్చ తెలుగు మాటల్లో మహాప్రాణాలు లేవన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. అలాగే ఒక మాటలో రెండు మూర్ధన్యాలు ఉంటే దక్కనీ మొదటిదానిని దంత్యం చేస్తుంది. టూట్నా తూట్నాగా, ఠండా థండాగా, ఢూండ్నా ధూండ్నాగా మారతాయి. ఒకే రకం ధ్వనులు రెండు దగ్గరగా ఉన్నప్పుడు ఒకటి మారిపోయే ఈ పద్ధతిని విషమీకరణం అంటారు. మరాఠీలో కూడా తుట్ణే, థండ అన్న రూపాలే ఉండడాన్ని బట్టి ఇది దక్కను పీఠభూమి అంతటికీ చెందిన అలవాటుగా కనిపిస్తుంది. దానికి తోడు, తెలుగు వంటి భాషలకు మూలమైన మూల ద్రావిడంలో ఏ మాటా మూర్ధన్యంతో మొదలు కాదు.

రెండు పాత శిక్షణలు

ధ్వనుల శాస్త్రీయ పరిశీలన పాతబస్తీకి విదేశాల నుంచి కొత్తగా వచ్చినది కాదు. రెండు ప్రాచీన సంప్రదాయాలు ఇక్కడ ఒకదానికొకటి తెలియకుండా పక్కపక్కనే సాగాయి. 8వ శతాబ్దంలో బస్రా నగరంలో అల్ ఖలీల్ తన అరబ్బీ నిఘంటువును గొంతు లోతుల్లో పుట్టే ధ్వనితో మొదలుపెట్టి పెదవుల దాకా వచ్చే క్రమంలో కూర్చాడు. ఆయన శిష్యుడు సీబవైహి అరబ్బీ ధ్వనులు పుట్టే చోట్లను 16గా లెక్కించాడు. ఆ చోటును మఖ్రజ్ అంటారు. తెలుగు వ్యాకరణాలు స్థానమన్న దానికీ దీనికీ తేడా లేదు. ఖుర్ఆన్ పారాయణంలో ప్రతి అక్షరాన్నీ దాని మఖ్రజ్ నుంచి తప్పకుండా పలికించే విద్యకు తజ్వీద్ అని పేరు. 19వ శతాబ్దం చివరి పాదంలో అన్వరుల్లా ఫారూఖీ పాతబస్తీలో స్థాపించిన జామియా నిజామియా వంటి విద్యాలయాలలో తరతరాల విద్యార్థులు ఈ శిక్షణ పొందారు. ఫలితంగా పారాయణ వేళ ఖాఫ్‌ను కొండనాలుక దగ్గర నిక్కచ్చిగా ఆపగలిగిన నోరే బజారులో ఖలం, ఖిస్మత్ అంటుంది. ఆ ధ్వని రాక అలా పలుకుతారన్న వాదానికి ఇంతకన్న మంచి సమాధానం అక్కర్లేదు. ఒకే మనిషి రెండు సందర్భాలకు రెండు ధ్వనివ్యవస్థలను విడిగా వాడుకుంటున్నాడు.

రెండవ సంప్రదాయం వేదాంగాలలో మొదటిదిగా చెప్పే శిక్ష. తెలుగునాట ఎక్కువగా వాడుకలో ఉన్న కృష్ణ యజుర్వేద తైత్తిరీయ శాఖకు ఒక ప్రాతిశాఖ్యం, అంటే ఆ శాఖ ఉచ్చారణ నియమాల గ్రంథం ఉంది. స్థానం, కరణం, ప్రయత్నం, ఘోషం వంటి భావనలను ఇటువంటి గ్రంథాలు క్రీస్తు పూర్వమే స్థిరపరిచాయి. అమెరికా సంస్కృత పండితుడు విట్నీ తైత్తిరీయ ప్రాతిశాఖ్యాన్ని 1871లో అనువాదంతో ప్రకటించాడు. పాశ్చాత్య ధ్వనిశాస్త్రం ఆధునిక రూపం దిద్దుకోవడంలో ఇటువంటి భారతీయ గ్రంథాల పాత్రను ఆ శాస్త్రవేత్తలే అంగీకరించారు. రెండు సంప్రదాయాలకూ లక్ష్యం ఒకటే: పవిత్ర వాక్యం తరం మారినా ధ్వని మారకుండా కాపాడడం. బజారు భాష వాటి పరిధిలోకి రాలేదు. మారుతూ పోయే ధ్వనిని తప్పుగా తప్ప మరోలా చూడవలసిన అవసరం వాటికి కలగలేదు.

తప్పు అన్న మాట 19వ శతాబ్దంలో సామాజిక బరువును కూడా తెచ్చుకుంది. 1857 తరువాత ఉత్తరాది నుంచి ఉద్యోగులు, పండితులు, కవులు నిజాం కొలువుకు వచ్చారు. ప్రసిద్ధ కవి దాగ్ దేహ్లవీ ఆరవ నిజాముకు కవితా గురువై 1905లో ఇక్కడే మరణించాడు. 1880ల దశకంలో పరిపాలనా భాష పారసీ నుంచి ఉర్దూకు మారింది. ఆ ఉర్దూకు ప్రమాణం ఢిల్లీ, లక్నోల వాడుక. స్థానికులైన ముల్కీలకూ, బయటివారైన నాన్‌ముల్కీలకూ మధ్య తగాదాలో ఉద్యోగాలతో పాటు ఉచ్చారణ కూడా ఒక గుర్తు అయింది. వలీ వంటి దక్కను కవి 1700 ప్రాంతంలో ఢిల్లీకి వెళ్లి అక్కడి కవులకు ఉర్దూ కవిత్వపు రుచి చూపిన చరిత్రను మరిచిపోయి, దక్కనీని పల్లెటూరి మాటగా చూసే అలవాటు స్థిరపడింది.

తెలుగు చేతిలో

ఈ ధ్వనుల చరిత్రలో అంతగా ఎవరూ పట్టించుకోని సాక్షి తెలుగు. గోల్కొండ నుంచి, తరువాత నిజాం కొలువు నుంచి కోర్టు, కచేరీ, బజారు మాటలు వందలకొద్దీ తెలుగులోకి వచ్చాయి. వాటిలో ఖాఫ్ ఉన్న మాటలను తెలుగు ఎలా రాసిందో చూస్తే ఆ మాటలను మనవారు ఏ నోటి నుంచి విన్నారో ఊహించవచ్చు. ఖైదు, ఖైదీ, ఖాజీ, ఖరారు అన్న మాటలకు మూలంలో ఉన్నది ఖకారం కాదు, కొండనాలుక స్పర్శం. అది కకారానికే దగ్గర. అయినా తెలుగు ఒత్తు ఖకారంతో రాసిందంటే, వినిపించిన ధ్వనిలో ఊపిరి ఒరిపిడి ఉందన్న మాట. అది దక్కనీ ఉచ్చారణ. నిజంగానే ఊష్మమున్న ఖర్చు, ఖరీదు, ఖాళీ అన్న మాటలతో ఇవి తెలుగులో ఒకే వర్ణక్రమంలో కలిసిపోయాయి. మరోవైపు కలం, కసాయి, కబూలు, హక్కు, తాలూకా అన్న మాటల్లో కకారమే నిలిచింది. మాటలన్నీ ఒకే కాలంలో, ఒకే దారిలో రాలేదనడానికి ఇది నిదర్శనం. మరాఠీ లెక్కల వాళ్ల చేతి మీదుగా వచ్చినవి కొన్ని, పారసీ రాతను బట్టి వచ్చినవి కొన్ని ఉండవచ్చు.

ఇంతకన్న ఆసక్తికరమైనది ఉర్దూలోని ఘోష ఊష్మం, అంటే రోజ్, జోర్, బాజార్ అన్న మాటల్లో పళ్ల వెనుక జుమ్మని వినిపించే ధ్వని. తెలుగులో అది లేదు. అయితే తెలుగుకు రెండు చకారాలు, రెండు జకారాలు ఉన్నాయి: నాలుక మధ్యభాగం అంగిలిని తాకితే పుట్టే తాలవ్యం, నాలుక కొన పళ్ల వెనుక తాకితే పుట్టే దంత్యం. ఇ, ఈ, ఎ, ఏ అచ్చుల ముందు తాలవ్యమూ, తక్కిన అచ్చుల ముందు దంత్యమూ వస్తాయని 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి సూత్రీకరించాడు. దంత్యాలను గుర్తించడానికి బ్రౌను నిఘంటువు ౘ, ౙ అన్న గుర్తులను వాడింది. దంత్య జకారం స్పర్శోష్మం. దాని చివరి సగం ఉర్దూ ఊష్మానికి చాలా దగ్గర.

పరాయి మాటలు ఈ సూత్రానికి ఎంత వినయంగా లోబడ్డాయో చూడవలసిందే. రోజ్ తెలుగులో రోౙు అయింది, జోర్ ౙోరు, బాజార్ బౙారు, జమీన్ ౙమీను, తెలంగాణ వాడుకలోని జరా ౙర, అన్నిటా దంత్యమే. కానీ జిల్లా అన్న మాటలో జకారం తరువాత ఇకారం ఉంది కాబట్టి తాలవ్య జకారమే వచ్చింది. ఈ జిల్లా ప్రయాణం దీర్ఘమైనది. మూలంలో అది జాద్ అన్న అరబ్బీ అక్షరంతో మొదలై, గొంతులో పుట్టే అయిన్‌తో ముగుస్తుంది. ఆ జాద్ అంత విలక్షణమైనది కాబట్టే అరబ్బీకి జాద్ భాష అని పేరు వచ్చింది. పారసీ నోట అది మామూలు ఊష్మమయింది, చివరి గొంతు ధ్వని జారిపోయింది. దక్కనీ దానిని అలాగే అందుకుంది. తెలుగు మొదటి ధ్వనిని తాలవ్యం చేసి, లకారాన్ని ద్విత్వం చేసి, చివరి అచ్చును దీర్ఘం చేసింది. హాజరు మాటలో ఉన్నదీ ఆ జాదే. అక్కడ జకారం తరువాత అకారం ఉంది కాబట్టి అది దంత్యమయింది. ఒకే అరబ్బీ అక్షరం తెలుగులో రెండు ధ్వనులుగా చీలడానికి కారణం అరబ్బీలో లేదు, పారసీలో లేదు; తెలుగు అచ్చుల వ్యవస్థలో ఉంది.

సంయుక్తాక్షరాల విషయంలో దక్కనీ, తెలుగు ఒకే దారిన నడిచాయి. హుక్మ్, జుల్మ్, ఫర్క్ వంటి మాటల చివర రెండు హల్లులు కలిసి ఉంటే పలకడం కష్టం కాబట్టి మధ్యలో ఒక అచ్చు చేరుతుంది. దీనిని స్వరభక్తి అంటారు. తెలుగులో హుకుం, జులుం అన్న రూపాలు స్థిరపడ్డాయి. తెలంగాణలో ఫరక్ అంటారు, పాతబస్తీలో ఫరఖ్ అంటారు.

ప్రయోగశాలకు చేరిన నోరు

గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వే దక్కనీని ప్రస్తావించినా, హైదరాబాదు, మైసూరు సంస్థానాలూ మద్రాసు రాష్ట్రమూ ఆ సర్వే క్షేత్రంలోకి రాలేదు. ఆ లోటును కొంత తీర్చినవాడు హైదరాబాదులోనే 1905లో పుట్టిన సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, లండనులో డాక్టరేటు పొంది, ధ్వనిశాస్త్ర అధ్యయనం కోసం పారిస్ వెళ్లాడు. అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం 1886లో పుట్టినది ఆ నగరంలోనే. రూస్లో అనే ఫ్రెంచి పండితుడు మాటలోని గాలి ఒత్తిడిని, కంఠనాదాన్ని మసిపట్టిన కాగితం మీద గీతలుగా రాబట్టే యంత్రాలతో ప్రయోగాత్మక ధ్వనిశాస్త్రానికి పునాది వేసినదీ అక్కడే. జోర్ గ్రంథం హిందుస్తానీ ఫొనెటిక్స్ 1930లో ఫ్రాన్సులో అచ్చయింది. ఉర్దూ ధ్వనులను ఆధునిక పద్ధతిలో వర్ణించిన తొలి గ్రంథాలలో అది ఒకటి. రెండేళ్లకు, 1932లో, ఉర్దూలో హిందుస్తానీ లిసానియాత్ వెలువడింది.

తిరిగి వచ్చిన జోర్ 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ సంస్థను నెలకొల్పి దక్కనీ రాతప్రతులను సేకరించాడు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితా సంపుటిని 1940లో పరిష్కరించి ప్రకటించాడు. ఈ రెండు పనులూ వేరువేరుగా కనిపించినా ఒకదానికొకటి ఆధారాలు. నేటి నోటిని పరిశీలించిన శాస్త్రవేత్తే నాటి రాతప్రతిలోని వర్ణక్రమం వెనుక ఉన్న ధ్వనిని పోల్చగలడు. తప్పుగా రాసిన లేఖకుడని పూర్వులు అనుకున్న చోట జోర్ తరం వారు ఒక వ్యవస్థను చూడగలిగారు.

ఆయన 1962లో కశ్మీరులో మరణించాడు. అదే ఏడు ఉస్మానియా ఉర్దూ శాఖకు ఆచార్యుడై వచ్చిన మసూద్ హుసేన్ ఖాన్ అంతకుముందే ఉర్దూ పదం మీద ధ్వనిశాస్త్ర గ్రంథాన్ని 1954లో ప్రకటించి ఉన్నాడు. ఆ కాలంలోనే భద్రిరాజు కృష్ణమూర్తి అక్కడి భాషాశాస్త్ర శాఖను చేపట్టి, తెలుగు ధాతువుల చరిత్రను ద్రావిడ ధ్వనిసూత్రాలతో వివరించిన తన 1961 నాటి పరిశోధనకు కొనసాగింపుగా తెలుగు మాండలికాల అధ్యయనాన్ని విస్తరింపజేశాడు. నగరంలో 1958లో ఏర్పడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ధ్వనిశాస్త్రాన్ని పాఠ్యాంశం చేసింది. ఒక్క నగరంలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటికీ ఆధునిక ధ్వని విద్య ఇలా వేళ్లూనుకుంది.

అయినా ఆ మూడు శాఖలు ఒకరి పని ఒకరు చదివినది తక్కువ. దక్కనీ పరిశోధకులు తెలుగు ఆదాన పదాల్లోని సాక్ష్యాన్ని వాడుకోలేదు. తెలుగు నిఘంటుకారులు ఉర్దూ మూలాలను ప్రామాణిక ఉర్దూ వర్ణక్రమంలో చూపారే గాని దక్కనీ ఉచ్చారణను సూచించలేదు. హాస్య కవి సమ్మేళనాలు, 1968 నుంచి వెలువడిన షుగూఫా వంటి హాస్య పత్రికలు, ఇటీవలి హైదరాబాదీ సినిమాలు ఆ పలుకును జనప్రియం చేశాయి కానీ నవ్వు పుట్టించే సరుకుగానే ఎక్కువ వాడుకున్నాయి. బడి చదువు, టెలివిజన్ వార్తలు, ఉత్తరాది ఉర్దూ వినికిడి పెరిగిన కొద్దీ థండా, ధూండ్నా వంటి రూపాలు కొత్త తరం నోట పలుచబడడం సహజం.

ఖాఫ్‌ను ఖకారంగా పలకడం, మహాప్రాణాన్ని తేలికపరచడం, సంయుక్తాన్ని విడదీయడం నోటి బద్ధకం వల్ల వచ్చినవి కావనీ, శిక్షకూ తజ్వీదుకూ ఉన్నంత నియమబద్ధత వీటికీ ఉందనీ పై చరిత్ర చెబుతున్నది. కాబట్టి విశ్వవిద్యాలయాలు చేయవలసిన పనులు రెండున్నాయి. మొగల్‌పురా, శాలిబండ, యాకుత్‌పురా, లాల్‌దర్వాజా వంటి పేటల్లోని వృద్ధుల ఉర్దూ, తెలుగు పలుకులను రెండింటినీ కలిపి ధ్వనిముద్రణ చేసి భద్రపరచాలి. తెలుగు నిఘంటువులు ౘ, ౙ గుర్తులను తిరిగి వాడుకలోకి తెచ్చి, ప్రతి ఉర్దూ ఆదాన పదానికీ దక్కనీ రూపాన్ని చేర్చాలి. రాతప్రతులను జోర్ కాపాడాడు. నోళ్లను కాపాడే పని ఇంకా మొదలు కావలసి ఉంది.